సున్నా మీదికి రాని ముల్లు

బోరబండ యాదగిరి గారు ఇక లేరన్న వార్త పాల ప్యాకెట్టుతో పాటే మా గుమ్మంలోకి వచ్చింది. ప్రగతి నగర్ చెరువు గట్టున నడక ముగించుకుని చెప్పులు విడుస్తుంటే ఫోను మోగింది. ఆయన కోడలు. "మామయ్య పోయిండు అంకుల్" అంది. ఆ ఒక్క మాట అశనిపాతమై తాకింది. చేతిలోని సంచి జారి, ప్యాకెట్టు పగిలి, పాలు గడప దాటి ధారగా ప్రవహించాయి. నేను నిశ్చేష్టుడనై, నిర్విణ్ణుడనై, శిలాప్రతిమనై నిలిచిపోయాను.

పాలు ప్రవహించలేదు. ప్యాకెట్టు పగల్లేదు. సంచిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, "ఎప్పుడమ్మా?" అని అడిగాను. అంతే చేశాను. దుఃఖం నిజం, పాలు కల్పన. యాదగిరి గారు బతికి ఉండి పై పేరా చదివితే, "రెండు గీతలు తగ్గించు రావ్ సాబ్" అని ఉండేవారు. యాభై ఏళ్లు నా మాటలన్నిటినీ ఆయన అలాగే విన్నారు, రెండు గీతలు తగ్గించుకుని. ఆ గీతలేమిటో తెలియాలంటే ఆయనెవరో తెలియాలి.

అంతిమయాత్రకు నగరమంతా కదిలి వచ్చిందని రాయాలని చెయ్యి తహతహలాడుతోంది. వచ్చినవాళ్లు ఒక వ్యానులోనూ రెండు ఆటోల్లోనూ సరిపోయారు. అయితే ఆ కొద్దిమందిలో ప్రతి ఒక్కరూ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు తమ ఇంటి వస్తువును ఆయన చేత విప్పించుకున్నవారే. ఒకాయన కన్నీళ్లు తుడుచుకుంటూ, "మా రేడియో మళ్ల బిగించినంక ఒక స్క్రూ మిగిలింది. అయినా మంచిగనే పాడింది" అన్నాడు. ఇంతకన్నా యోగ్యమైన శ్రద్ధాంజలి నాకు తోచదు.

యాదగిరి గారు ప్రెషర్ మీటర్లు తయారు చేసేవారు. బాయిలరు మీదో, గ్యాసు సిలిండరు మీదో గుండ్రటి ముఖంతో, ఒంటి ముల్లుతో కనిపించే పరికరం అది. లోపల వంకీ తిరిగిన ఇత్తడి గొట్టం ఒకటి ఉంటుంది. ఆవిరి లోపలికి తోసుకొస్తే ఆ వంకీ రవ్వంత విచ్చుకుంటుంది. ఆ రవ్వంత కదలికను పళ్ల చక్రం పెద్దది చేసి ముల్లును తిప్పుతుంది. ఆవిరి పోతే గొట్టం ముడుచుకుని, ముల్లు సున్నా మీదికి రావాలి. పరికరమంటే అంతే. రవ్వంతను పెద్దది చేసి చూపించే ఆ పళ్ల చక్రం పనిని నేను నోటితో చేసేవాణ్ణి. నేను విదేశీ మీటర్ల అమ్మకం ఏజెంటును.

అవి డెబ్బైల తొలినాళ్లు. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట అప్పుడు బండరాళ్లూ, సీతాఫలం పొదలూ ఉండేవి. బోరబండ రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డులో ఆయన కార్ఖానా. రెండు లేత్ యంత్రాలు, గుప్పెడు మంది పనివాళ్లు, తలుపు పక్కన నీళ్ల కుండ. కోస్తా నుంచి వచ్చి టై కట్టుకుని తిరిగే నాకు ఆ షెడ్డును చూస్తే నవ్వు వచ్చేది. అయితే ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. నా అన్నం గిన్నె మీది మూత ఆ షెడ్డు చేతిలో ఉండేది.

ఎలాగంటారా? ఆ రోజుల్లో విదేశీ వస్తువు ఈ నేల మీద అడుగు పెట్టాలంటే రెండు గడపలు దాటాలి. మొదటిది సుంకం. ఓడ దిగిన మీటరు కన్నా దాని నెత్తినెక్కి కూర్చున్న సుంకమే బరువుగా ఉండేది. స్థోమత ఉన్న కొనుగోలుదారు ఆ గడపను ఎలాగో దాటేవాడు. రెండో గడప దగ్గర స్థోమత పనికిరాదు. అక్కడొక ప్రశ్న: "ఇది మన దేశంలో తయారవుతోందా?" అవుతోందంటే దిగుమతికి అనుమతి లేదు. మరి ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఎవరు? ఇక్కడ తయారు చేసేవాడే. పెళ్లికొడుకు గుణగణాలను పోటీకొచ్చిన సంబంధం వాణ్ణి అడిగి తెలుసుకున్నట్టు! "మా దగ్గర తయారు కాదు" అని యాదగిరి గారు కాగితం రాసిస్తేనే నా జర్మనీ మీటరు ఓడ దిగాలి.

ఆ కాగితం కోసమే మొదటిసారి వెళ్లాను. ఆయన బల్ల ముందు కూర్చుని, ఎవరిదో అలారం గడియారాన్ని విప్పుకుని ఉన్నారు.

"యాదగిరి గారూ, చిన్న కాగితమండి. ఈ రకం మీటరు మీ దగ్గర తయారు కాదని ఒక్క ముక్క..."

"ఎందుకు రాస్త? తయారైతున్నది గద. అగో, బల్ల మీదనే ఉన్నది."

"తయారవుతుందండి, కాదనను. కానీ మాది ఇంకొంచెం మంచిదండి."

నేనెరిగిన తయారీదారులంతా ఈ మాటకు మండిపడేవారు. ఆయన మాత్రం గడియారం పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఏం మంచిగున్నది దాంట్ల? చెప్పు."

"రెండంతస్తుల మేడ మీంచి పడేసినా ముల్లు వణకదండి."

"పడేసి చూసినవా?"

"లేదండి."

"ఇప్పి చూసినవా?"

"మేం అమ్ముతామండి, విప్పం."

ఆయన నా వైపు నిజమైన జాలితో చూశారు. "లోపల ఏమున్నదో చూడకుంట ఎట్ల అమ్ముతున్నవయ్యా? రాత్రి నిద్రెట్ల పడ్తది నీకు?" తరవాత పనివాణ్ణి పిలిచి, "రావ్ సాబ్‌కు చాయ్ దేరా. కాగితం ఇయ్యం గని, చాయ్ ఇస్తం" అన్నారు.

ఆ చాయ్ కోసమే తరచు వెళ్లేవాణ్ణి. వెళ్లి వాదించేవాణ్ణి: ఈ సుంకాలు, ఈ అనుమతులు అన్యాయమని, మంచి వస్తువును గుమ్మం బయట నిలబెట్టి నాసిరకాన్ని నెత్తిన పెట్టుకోవడమని. ఆయన సాంతం విని అనేవారు: "నీ జర్మనోడు తాతల కాలం సంది చేస్తున్నడు. నాది మొన్న పుట్టిన పోరడు. ఇద్దరిని ఒక్క బరిల ఉరికిస్తవా? జర పెద్దగ కానియ్యి." ఆయన భార్య సత్తెమ్మ గారు లోపలి నుంచి తగులుకునేవారు: "ఎన్నేండ్లకు పెద్దగైతడో గది చెప్పడు." ఆర్థికశాస్త్రంలో ఇంతకు మించిన ప్రశ్న ఉందని నాకు ఎవరూ ఇప్పటిదాకా చూపించలేదు.

కుతూహలం ఆయనకు ఊపిరి. ఏ వస్తువైనా సరే, లోపలేముందో చూడనిదే చెయ్యి ఊరుకునేది కాదు. మామగారు పెట్టిన పెళ్లి వాచీని పందిట్లోనే విప్పారని సత్తెమ్మ గారు చెబుతారు. "నా ముక్కుపుడక గూడ మర తీసి చూసిండు. దాని మర చుట్లు ఎడమదిక్కు ఎందుకు లెవ్వని కంసాలితోని కొట్లాట. ఇంట్ల తాళం ఇప్పిండు, గొళ్లెం ఇప్పిండు. ఇప్పందల్లా నా నోరు ఒక్కటే, గది దానంతట అదే ఇప్పుకుంటది."

ఇక అసలు సంగతికి వస్తాను. నగరంలోని ఒక ఆసుపత్రి వారు శస్త్రచికిత్స సామగ్రిని ఆవిరిలో శుద్ధి చేసే స్టెరిలైజరుకు విదేశీ మీటరు కావాలని నా ద్వారా దరఖాస్తు పెట్టారు. ఆ స్టెరిలైజరు మీద అప్పటికే ఉన్నది యాదగిరి గారి మీటరే. దిగుమతి అనుమతులిచ్చే అధికారి ఆయనకు కబురు పంపాడు, ఫలానా రోజు వచ్చి మీ మాట చెప్పండని. ఆయన "తయారవుతోంది" అంటే ఆసుపత్రికి మీటరు రాదు. "కాదు" అంటే వస్తుంది, దాని వెనకే మరెన్నో వస్తాయి, షెడ్డు మూతపడుతుంది. ఈ పందెం ఇద్దరికీ తెలుసు. ఆయన విచారణకు ముందురోజు నా దగ్గరికొచ్చి, "పా రావ్ సాబ్, దవాఖానకు పోదాం. ఎందుకు అడుగుతున్నరో చూద్దాం" అన్నారు. దావా వేసినవాడి స్కూటరు వెనకెక్కి ఎదుటి పక్షం వాడు సాక్ష్యం వెతకడానికి పోవడం ఈ పుణ్యభూమిలోనే సాధ్యం.

స్టెరిలైజరు గదిని చూసుకునే ఆమె మేరీ సిస్టర్. గుంటూరు వైపు మనిషి, పొట్టిగా, చురుగ్గా ఉండేది. మేము వెళ్లేసరికి యంత్రం చల్లగా ఉంది. ఆమె మీటరు అద్దం మీద వేలిగోరుతో టకటకా కొట్టి, ముల్లు వైపు చూసింది.

"ఎందుకు కొడ్తున్నవ్ సిస్టరమ్మా?" ఆయన కళ్లు అప్పటికే మెరుస్తున్నాయి.

"కొట్టకపోతే కదలదండి ఇది. మా గేటు దగ్గర వాచ్‌మన్‌కి తమ్ముడు. లేపితేగానీ లేవడు."

"మంట ఎప్పుడు బంద్ చేసిండ్రు?"

"నిన్న సాయంత్రమండి."

"మరి ముల్లు సున్నా మీద లేదేంది?"

"సున్నాకి దిగడం ఎప్పుడో మానేసిందండి. రెండు గీతల మీదే కాపురం. ఆవిరి లేకపోయినా ఉందంటుంది. నేను రెండు తగ్గించి చదువుకుంటాను. ఎవరు చేశారోగానీ మహానుభావుడు, సొంత పిల్లాడి జ్వరం కూడా ఇలాగే చూసుకుంటాడేమో!"

"నేనే సిస్టరమ్మా చేసింది."

ఆమె నాలుక కరుచుకుంది. ఆయన నొచ్చుకోలేదు. "ఆ కొట్టుడు మళ్లొకసారి చూపియ్యి, ఏ పక్క కొడ్తున్నవో" అన్నారు. ఆమె చూపించింది. ఆయన కూడా వేలిగోరుతో కొట్టి చూశారు. కొట్టిన ప్రతిసారీ ముల్లు కొద్దిగా ఉలికిపడి మళ్లీ రెండు గీతల మీదే కూర్చుంది. అప్పుడు ఆయన ఊరికే, మాటవరసకు అడిగినట్టు అడిగారు: "మరి నువ్వు ఊరికి పోతే?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "అందుకేనండి కొత్తది అడిగించాను. మా అమ్మకు ఒంట్లో బాగోలేదని కబురొచ్చింది. కొత్తమ్మాయికి అప్పగించి వెళ్దామని, 'రెండు తగ్గించి చదవాలమ్మా' అని చెప్పాను. సంచి సర్దుకున్నాక ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చి, 'రెండు తగ్గించాలా, కలపాలా సిస్టర్?' అంది. సంచి మళ్లీ విప్పేశానండి."

తిరుగు ప్రయాణమయ్యాం. ఆయన ఆ పాత మీటరును తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. దాని స్థానంలో వెంట తెచ్చిన తన కొత్త మీటరు బిగించి, రోజూ మంట వెలిగించే ముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడమని సిస్టరుకు మరీమరీ చెప్పి వచ్చారు.

షెడ్డు చేరాక సత్తెమ్మ గారు చాయ్ ఇస్తూ అడిగారు. "రేపు ఏం చెప్తవ్?"

"తయారైతలేదని చెప్త."

"మతి ఉన్నదా? దర్వాజకు గొళ్లెం పెట్టింది సర్కారు. నువ్వే పోయి తీస్తవా? ఇయ్యాల ఒకటొస్తది, దాని తోక పట్టుకుని ఇంకోటి. పనోళ్లకు ఏం చెప్తవ్?"

"పోరడు పెద్దగైతడని మనమే చెప్పినం గద సర్కారుకు."

"అయిండా మరి?"

"కాలె. ఎందుకు కాలెనో తెల్వది. తెల్సుకోవద్దా?"

ఆమె నా వైపు తిరిగారు. "నీ పని అయితున్నదని సంబరపడకు రావ్ సాబ్. పోతే మా షెడ్డు పోతది, నీకు చాయ్ గూడ పోతది."

మర్నాడు విచారణ. ఈ ఘట్టాన్ని నేను ఎన్నో సభల్లో ఇలా వర్ణించాను: యాదగిరి గారు ధర్మదేవత నాలుగు పాదాల మీద నిలిచినట్టు నిలిచి, "రోగి ప్రాణం కంటే నా పరిశ్రమ ఎక్కువ కాదు! తెరవండి ఆ ద్వారాలు!" అని సింహగర్జన చేశారని, అధికారి కంట నీరు జలజలా రాలిందని. సభల్లో చప్పట్లు బాగా పడేవి. జరిగింది ఇది.

అధికారి మంచివాడే, తొందరలో ఉన్నాడు. "మీరు తయారు చేస్తున్నారు కదా యాదగిరి గారూ. ఒక్క మాట చెప్పండి, దరఖాస్తు మూసేస్తాను."

ఆయన తువ్వాలు విప్పి మీటరును బల్ల మీద పెట్టారు. అధికారి వంగి చూశాడు. "ఇది దేనికి తగిలించారు?"

"దేనికి లేదు సార్."

"మరి రెండు చూపిస్తోందేమిటి?"

"మీ ఆఫీసుల ప్రెషర్ జర ఎక్కువున్నట్టున్నది సార్."

అధికారి నవ్వి, మీటరును తిప్పి చూశాడు. "పరీక్షశాల ముద్ర ఉందే దీనికి!"

"ఉన్నది సార్. పుట్టిననాడు వేసిండ్రు. పుట్టిననాడు అందరు మంచిగనే ఉంటరు."

నియమమంతా ఆ ఒక్క మాట ముందు బోర్లా పడింది. కొత్త మీటరును ఒకసారి పరీక్షించి ముద్ర వేస్తారు. అది వాడకంలో ఏమవుతోందని ఎవరూ అడగరు. సిస్టరు గోరు అడుగుతోంది, అంతే.

"ఏం చేయమంటారు నన్ను?"

"ఒక్కటి రానియ్యుండ్రి, ఆ దవాఖానకు. ఏడాది వాడినాక దాన్ని, నా మీటరును పక్కపక్కన పెట్టి చూడుండ్రి."

"మీరిలా ఒప్పుకుంటే మిగతా ఆసుపత్రులు కూడా ఇదే మాట పట్టుకుని వస్తాయి. అప్పుడు నేను ఆపలేను."

"ఎరుకనే సార్."

"తెలిసీ ఒప్పుకుంటున్నారా?"

యాదగిరి గారు కొంచెం సిగ్గుపడ్డారు. మెడ గోక్కున్నారు. "అది రాకుంటే ఇప్పి ఎట్ల చూడాలె సార్?"

అదండీ సింహగర్జన. సిస్టరు తల్లి అనారోగ్యం అందులో ఎన్ని పాళ్లో, జర్మనీ మీటరు లోపలేముందో చూడాలన్న దురద ఎన్ని పాళ్లో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆయన్నే అడిగితే, "రెండు వేరువేరు అని నీకెవరు చెప్పిండ్రు?" అన్నారు.

మీటరు ఓడ దిగింది, సుంకం కట్టించుకుంది, ఆసుపత్రి చేరింది. బిగించే ముందు ఒక్క ఆదివారం ఆయన చేతికి ఇవ్వడానికి మేరీ సిస్టర్ ఒప్పుకుంది, తన కళ్ల ముందే విప్పాలన్న షరతు మీద. రేడియో స్క్రూ సంగతి ఆమె చెవిన ఎవరు వేశారో నేను చెప్పను. ఆమె పక్కన జపమాలతో కూర్చుంది. ఆయన ఒక్కో మర తీస్తుంటే ఆమె ఒక్కో పూస జరుపుతోంది. బిగించాక మరలూ పూసలూ సరిపోయాయని ఆమె ప్రకటించినప్పుడు నేను కూడా దేవుణ్ణి తలుచుకున్నాను.

లోపల ఏముంది? ఏమీ లేదు! అదే గొట్టం, అదే వంకీ, అదే పళ్ల చక్రం. ఆయన ముఖం వాడిపోయింది. వాసన చూశారు, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. చాలాసేపటికి, "రావ్ సాబ్, జర ఇటు రా. రంగు చూడు" అన్నారు. గొట్టం మీద పల్చటి గోధుమ రంగు ఛాయ, మంట నాలుకతో రాసి వదిలినట్టు. "వంచినంక, అతికినంక కాల్చిండ్రు దీన్ని. వంచకముందు గాదు. అందరు వంచెటందుకు కాలుస్తరు. వీడు వంచినంక ఎందుకు కాల్చిండు?"

ఆ "ఎందుకు" ఆయనను కొన్ని వారాల పాటు అన్నం తిననివ్వలేదు. (తిన్నారు. సత్తెమ్మ గారు తినకుండా ఊరుకునే మనిషి కాదు.) చివరికి ఆయన చెప్పిన భాష్యం నాకు కంఠతా వచ్చు: "వంచిన ఇత్తడి, వంచినోని మీద కోపం కడుపుల పెట్టుకుంటది రావ్ సాబ్. బయటికి తెల్వది. పరీక్షనాడు మంచిగనే ఉంటది. తర్వాత మెల్లగ, రోజింత, కోపం తీర్చుకుంటది. గందుకే ముల్లు సున్నాకు రాదు. జర వేడి తగిలిస్తే కోపమంత ముందే పోతది."

వేడి తగిలించడానికి కొలిమి లేదు. బోరబండలో ఖాసిం భాయ్ బేకరీ ఉండేది. బన్నులు తీశాక భట్టీలో ఆ వేడి చాలాసేపు నిలిచి ఉండేది. యాదగిరి గారు గొట్టాలను రేకు మీద పేర్చుకుని వెళ్లేవారు. "యాదగిరి భాయ్, ఇవి ఎవరు తింటరు?" అని ఖాసిం భాయ్ అడిగితే, "సర్కారు తింటది" అనేవారు. బోరబండ బన్నుల్లో ఇత్తడి వాసన వచ్చేదని, నగరమంతా మెచ్చుకుని కొనుక్కునేదని నేను ప్రచారం చేశాను. అది అబద్ధమని ఖాసిం భాయ్ వంశస్థుల ముందు వినమ్రంగా ఒప్పుకుంటున్నాను.

కాల్చడంతో ఆయనకు తృప్తి కలగలేదు. లేత్ బెల్టుకు ఒక పంపు తగిలించి, కాల్చిన గొట్టాల్లోకి ఒత్తిడి ఎక్కిస్తూ, దింపుతూ రోజుల తరబడి కసరత్తు చేయించారు. షెడ్డు మొత్తం నిద్రపోతున్న ఎద్దులా బుస్సు బుస్సుమనేది. గీతల ముఖం బిగించేది ఆ తరవాతే. "గొట్టం అలిసిపోవాల్సిందంత కార్ఖానల్నే అలిసిపోవాలె. దవాఖానల అలిసిపోవద్దు." ఈ వాక్యాన్ని ఏ పరిశ్రమ గుమ్మం మీదైనా చెక్కించవచ్చు. మనుషులకూ వర్తిస్తుందని నేనంటే ఆయన ఒప్పుకోలేదు. "మనిషిని ఇప్పి చూడలె గద, నాకేమెరుక."

ఆ ఏడాది గడవడం తేలిక కాలేదు. అధికారి చెప్పిందే జరిగింది. మిగతా ఆసుపత్రులు, మందుల కంపెనీలు అదే మాట పట్టుకుని దిగుమతికి వెళ్లాయి. నాకు పండగే పండగ. షెడ్డులో ఒక లేత్ ఆగిపోయింది. పనివాళ్లలో కొందరు బాలానగర్ షెడ్లకు వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు ఆయన వాళ్లను ఆపలేకపోయారు, వాళ్లు ఆయన కళ్లలోకి చూడలేకపోయారు. సత్తెమ్మ గారు షెడ్డు ముందే చాయ్ బండి పెట్టి, సనత్‌నగర్ షిఫ్టులకు పోయేవాళ్లకు చాయ్ పోసి ఇల్లు నడిపారు. ఆయన బుస్సు బుస్సుమనే గొట్టాల ముందు కూర్చుంటే, ఆమె బయటి నుంచి కేకేసేవారు: "ఏమయ్యో, పోరడు పెద్దగైండా?"

"పండ్లు వస్తున్నయ్!"

"మనల్ని కరిచెటందుకే!"

ఏడాది తరవాత ఆసుపత్రిలో అందరం నిలబడ్డాం: అధికారి, యాదగిరి గారు, నేను. రెండు మీటర్లు ఒకే గొట్టం మీద పక్కపక్కన. ఒకటి జర్మనీది, రెండోది బేకరీలో కాలిన తొలి జట్టులోది, దాదాపు ఏడాదంతా దాని పక్కనే పనిచేసింది. యంత్రం చల్లగా ఉంది. మేరీ సిస్టర్ అలవాటుగా రెండింటినీ గోరుతో కొట్టింది. రెండు ముళ్లూ సున్నా మీద నిలిచి ఉన్నాయి. కదల్లేదు. ఆమె ఇంకోసారి కొట్టింది. "ఇక కొట్టక్కర్లేదండీ" అని, చేతిని ఏం చేసుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది. "మొన్న మా ఊరు వెళ్లొచ్చాను యాదగిరి గారూ. అమ్మ దగ్గర వారం ఉన్నాను. కొత్తమ్మాయికి ఏమీ చెప్పలేదు."

ఆ రోజు జర్మనీ ముల్లు సిగ్గుతో ఒక గీత తల వంచుకుందని నేను చాలాకాలం చెబుతూ వచ్చాను. వంచుకోలేదు. రెండూ సమానంగా, సరిగ్గా ఉన్నాయి. కథకు అది చాలదనిపించి ఒక గీత చేర్చాను. ఆ సాయంత్రమే నా నోట అది విని ఆయన నవ్వుతూ, "సిస్టరమ్మ మీటరుకు రెండు తగ్గించినట్టు, నీ మాటకు గూడ రెండు గీతలు తగ్గించాలె రావ్ సాబ్. నిన్ను ఎవడో వంచి, కాల్చుడు మర్సిండు" అన్నారు.

అధికారి "ఇక్కడ తయారవుతోంది" అని రాసుకుని గొళ్లెం మళ్లీ వేశాడు. ఆ గొళ్లెం నా పీక మీద పడింది. అమ్ముకోవడానికి ఏమీ లేక షెడ్డుకు వెళ్లాను. "మీ మీటర్లు అమ్మిపెడతానండి" అన్నాను. ఆయన ఒక మీటరు నా ముందు పెట్టి, స్క్రూడ్రైవరు చేతిలో పెట్టారు. "ముందుగాల ఇప్పు." పాతికేళ్లు ఆయన దగ్గర పనిచేశాను. నేనమ్మిన వస్తువు లోపలేముందో చూశాకే అమ్మాను. నిద్ర బాగా పట్టింది.

ఒక వింత మాత్రం ఆయనను చివరిదాకా వదలలేదు. బేకరీకి ముందు మీటరుకు పడిన ముద్రా, తరవాత మీటరుకు పడిన ముద్రా ఒక్కటే. అబద్ధం చెప్పే ముల్లుకూ, నిజం చెప్పే ముల్లుకూ ఒకే అనుమతి, ఒకే రక్షణ. "ఏడాది వాడినాక తూచుండ్రి" అని అడిగి అడిగి అలిసిపోయారు. "గోడ కట్టిండ్రు రావ్ సాబ్, మంచిదే. గోడ లేకుంటే నేను లేచి నిలబడకపోదును. గని లోపల ఎవడు పెరుగుతున్నడు, ఎవడు గోడకు ఆనుకుని పండుకున్నడు, ఒక్కడన్న తొంగి చూడడేంది?" తొంగి చూడడం ఆయనకు మతం. అది లేని ప్రభుత్వం ఆయనకు అర్థమయ్యేది కాదు. తరవాతి కాలంలో దిగుమతుల మీద ఆంక్షలు పోయి ఆ గోడ కూలినప్పుడు ఆనుకుని పడుకున్నవాళ్లు దానితో పాటే పడ్డారు. యాదగిరి గారు హిమవన్నగంలా నిలిచారు. అంటే, కొంతకాలం నిలిచారు, తరవాత వయసు మీదపడి, షెడ్డు మూసి, ఇరుగుపొరుగు ఇళ్ల మిక్సీలు విప్పుకుంటూ కాలక్షేపం చేశారు. షెడ్డు ఉన్న చోట ఇప్పుడు అపార్టుమెంటు ఉంది.

పోయిన నెల ఆయన్ని బాచుపల్లి ఆసుపత్రిలో చూశాను. ఊపిరి అందక ఆక్సిజను పెట్టారు. సత్తెమ్మ గారు మంచం పక్కన కూర్చుని, "ముక్కు మీద మాస్కు పెడితే దాని మర ఇప్పబోయిండు. నర్సమ్మ చేతి మీద కొట్టింది" అన్నారు. నేను డాక్టరును కలిసి వచ్చి, ముఖం వెలిగించుకుని, "ఉగాదికి ఇంట్లో ఉంటారట!" అన్నాను. ఆయన నా ముఖాన్ని కాసేపు చూశారు. "ఎన్ని గీతలు తగ్గించాలె రావ్ సాబ్?" నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆయన అంత్యవాక్యం స్వదేశీ పరిశ్రమకు ఆశీర్వచనమని రాయడానికి కలం ఎత్తాను, దించేశాను. నాతో చివరిసారి మాట్లాడింది మంచం పక్కనున్న ఆక్సిజను సిలిండరు గురించి. దాని మెడ మీద చిన్న మీటరు ఉంది. ఆయన చూపు అక్కడ ఆగింది. "అది ఎవరు చేసిండ్రు?" నేను వంగాను. చీమతలకాయ అక్షరాలు. కళ్లద్దాలు ఇంట్లో మరిచాను. "ఇక్కడిదేనండి" అన్నాను.

ఆయన మాస్కు లోపలే నవ్వారు. "అయితే కొట్టి చూడు."

వేలిగోరుతో కొట్టాను. ఒకసారి కొట్టి, మేరీ సిస్టర్‌లా ఇంకోసారి కొట్టాను. ముల్లు ఉన్నచోటే ఉంది. "కదల్లేదండి" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు, ముల్లు వైపూ చూడలేదు. "ఆఁ" అని కళ్లు మూసుకున్నారు. యాభై ఏళ్లలో నా మాటను ఆయన ఏమీ తగ్గించకుండా పుచ్చుకోవడం అదే మొదటిసారి.

దహనమయ్యాక ఆ అక్షరాలు చదవాలని కళ్లద్దాలతో ఆసుపత్రికి వెళ్లాను. సిలిండరు వేరే మంచానికి వెళ్లిపోయింది. ఏ మంచమో ఎవరూ చెప్పలేకపోయారు. అది ఎవరు చేశారో నాకు తెలియదు.

విప్పి చూడాలన్న ఆ ఆరాటం ఇక ఎవరిలో చూస్తాం? నా మాటలోని గీతలు తగ్గించి వినేవారు ఎవరున్నారు? ఇకమీదట ఈ ముల్లు సున్నాకు దిగదు, పాఠకులే జాగ్రత్తపడాలి. ఈ వ్యాసంలో ఆయన్ని పొగిడిన ప్రతిచోటా రెండు గీతలు తగ్గించుకోండి. మిగిలిన మనిషికి నమస్కరించండి, అంత చాలు.

యాదగిరి గారూ, ముల్లు నిజంగానే కదల్లేదండి.